అర్థశాస్త్రంలో ప్రత్యేక రంగాల పుస్తకాలు: ఏది కొనాలి, ఏది చదివి పక్కన పెట్టాలి

ఎంఏ రెండో ఏడాదిలో ఆప్షనల్ పేపర్లు తీసుకునేటప్పుడో, పీహెచ్‌డీలో చేరి సినాప్సిస్ రాసేటప్పుడో మన దగ్గరి విద్యార్థులకు ఒకే చిక్కు వస్తుంది. అప్పటిదాకా మైక్రో, మాక్రో అంటూ సిలబస్‌లో రాసిన పుస్తకాలు చదివితే గడిచింది. ఇప్పుడు వ్యవసాయ అర్థశాస్త్రమో, శ్రామిక అర్థశాస్త్రమో, నీటి వనరులో, ఆర్థిక డేటాను గణాంకాలతో కొలిచే ఎకనోమెట్రిక్సో, ఏదో ఒక రంగంలోకి లోతుగా దిగాలి. ఏ రంగం తీసుకున్నా పుస్తకాలు కుప్పలు. సీనియర్ ఒకటి చెప్తాడు, గైడ్ ఇంకోటి చెప్తారు. విదేశీ ప్రెస్ వేసిన గట్టి అట్ట పుస్తకం ఒక్కటి కొంటే ఆ నెల ఫెలోషిప్‌లో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. కాబట్టి ఎంపిక తెలిసి చేయాలి.

కాకతీయ యూనివర్సిటీలోనో, శాతవాహనలోనో, తెలంగాణ యూనివర్సిటీలోనో చదువుతున్నవాళ్లను, డిగ్రీ కాలేజీల్లో పాఠం చెప్తూ పరిశోధన చేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ శ్రమ అక్కర్లేదు. తెలుగు అకాడమీ పుస్తకాలు, ప్రభుత్వం ఏటా వేసే సామాజిక ఆర్థిక సర్వే చాలు.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

పుస్తకం దగ్గరికి ఉత్త చేతులతో పోతే ప్రతి పుస్తకమూ మంచిదిగానే కనిపిస్తుంది. "వ్యవసాయ మార్కెటింగ్ మీద చదవాలి" అనేది ప్రశ్న కాదు. దాన్ని ఇలా మార్చి చూడండి: "వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు, పెట్టుబడికి అప్పిచ్చిన అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణానికే సరుకు ఎందుకు దించుతాడు? దానివల్ల ధరలో అతనికి ఎంత పోతుంది?"

ఇలా రాయగానే ఒక విషయం తేలుతుంది. ఈ ప్రశ్నలో సగం మార్కెటింగ్ గురించి, సగం అప్పు గురించి. మిర్చికి మద్దతు ధర లేదు కాబట్టి ప్రభుత్వ కొనుగోలు అనే ఆసరా కూడా లేదు. గ్రేడింగ్, గోదాములు, మార్కెట్ కమిటీ చట్టాలు వివరించే పుస్తకం ఎంత లావున్నా ఈ ప్రశ్నకు పనికొచ్చేది కొంతే. అప్పు, అమ్మకం ముడిపడిన లావాదేవీల సిద్ధాంతం ఎక్కడ ఉందో అక్కడికి పోవాలి. అది అభివృద్ధి అర్థశాస్త్రం పుస్తకాల్లో రుణాల అధ్యాయంలో ఉంటుంది.

మీ ప్రశ్న ఇంకోటి కావచ్చు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే కార్మికుడికి, మగ్గాలు నడిపే ఆసామికి, నూలిచ్చి గుడ్డ తీసుకునే సేటుకు మధ్య కూలి ఎలా తేలుతుంది? జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయిన కుటుంబం అక్కడి సంపాదనను భూమి మీద పెడుతుందా, ఇంటి మీద పెడుతుందా? నిజామాబాద్ పసుపు రైతు ఒక ఏడాది ధర చూసి మరుసటి ఏడాది ఎంత విత్తుతాడు? ఏదైనా సరే, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి ప్రతి అడుగులో ఆ కాగితం మీ చేతిలోనే ఉండాలి.

2. ఆ ప్రశ్న ఏ రంగం కిందికి వస్తుందో కోడ్‌తో పట్టుకోండి

అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అర్థశాస్త్రాన్ని అక్షరాలు, అంకెలతో విభజించి పెట్టింది. వీటిని జేఈఎల్ కోడ్‌లు అంటారు. వ్యవసాయం, సహజ వనరులు 'క్యూ' కిందికి వస్తాయి. అందులో క్యూ13 వ్యవసాయ మార్కెట్లు, సహకార సంఘాలు. క్యూ15 భూమి, కౌలు. క్యూ25 నీరు. శ్రమ 'జే', అభివృద్ధి 'ఓ', ప్రభుత్వ ఆదాయ వ్యయాలు 'హెచ్', పరిశ్రమల వ్యవస్థ 'ఎల్', గణిత, గణాంక పద్ధతులు 'సీ'. అంతర్జాతీయ వలస ఎఫ్22 అయితే, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు లాంటిది ఎఫ్24.

మీ అంశం మీద వచ్చిన రెండు మంచి పరిశోధనా పత్రాలు తీసి, మొదటి పేజీలో ఏ కోడ్‌లు రాశారో చూడండి. మీరు అనుకోని కోడ్ ఒకటి అక్కడ కనబడితే, మీరు వెతకని రంగంలో మీకు కావాల్సిన పుస్తకం ఉందని అర్థం.

లైబ్రరీ అల్మారాలకు లెక్క వేరు. డ్యూయీ వర్గీకరణ పాటించే లైబ్రరీలో శ్రమ 331 దగ్గర, భూమి, సహజ వనరులు 333 దగ్గర, వ్యవసాయ ఉత్పత్తి 338.1 దగ్గర ఉంటాయి. ఎకనోమెట్రిక్స్ 330.015195 దగ్గర. చెరువుల మీద పనిచేసేవాళ్లు 338 అల్మారాతో సరిపెట్టుకుని 333 వైపు తొంగి చూడకపోతే సగం సాహిత్యం చేజారినట్టే.

3. ఎలాంటి పుస్తకమో గుర్తుపట్టండి

పాఠ్యపుస్తకం రంగమంతా చూపిస్తుంది. మోనోగ్రాఫ్ ఒకే ప్రశ్నను, తరచూ ఒకే ప్రాంతాన్ని, చివరిదాకా తవ్వుతుంది. హ్యాండ్‌బుక్‌లో ఒక్కో అధ్యాయం ఒక్కో ఉప రంగంలో అప్పటిదాకా జరిగిన పరిశోధనను కూడగట్టి చెప్తుంది. దాన్ని కొనే పని లేదు, కావాల్సిన అధ్యాయం లైబ్రరీలో చదివితే చాలు. ఒక సంపాదకుడు కూర్చిన సంకలనంలో పది మంది రాసిన పది వ్యాసాలు ఉంటాయి, వాటిలో మీకు కావాల్సినవి ఒకటో రెండో.

ఇక మన దగ్గర ఎక్కువగా కనబడేది ఐదో రకం. సెమినార్‌లో చదివిన పత్రాలను యథాతథంగా కుట్టేసినవి, థీసిస్‌ను ఏ మార్పూ లేకుండా అచ్చు వేసినవి. ఐఎస్‌బీఎన్ నంబర్ ఉంది కదా అని వీటిని నమ్ముకోవద్దు. ఆ నంబర్ పుస్తకాన్ని గుర్తించడానికే, లోపలి సరుకుకు హామీ ఇవ్వదు. రాతప్రతిని బయటి నిపుణులకు పంపి చదివించిన ప్రచురణకర్తా కాదా అనేది చూడాలి. పేరున్న యూనివర్సిటీ ప్రెస్‌లు ఆ పని చేస్తాయి. థీసిస్ కావాలంటే శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అచ్చు ప్రతికి డబ్బు పెట్టొద్దు.

రంగానికి కొత్తయితే ఒక పాఠ్యపుస్తకం, దాని పక్కన ఒక మోనోగ్రాఫ్ పెట్టుకోండి. పాఠ్యపుస్తకం ఒక్కటే చదివితే పరిశోధన ఎలా చేస్తారో తెలియదు. మోనోగ్రాఫ్ ఒక్కటే చదివితే ఆ రచయిత చెప్పిందే లోకం అనిపిస్తుంది.

4. రెండు పుస్తకాల్లో ఒకే విషయం పక్కపక్కన చదవండి

నా ఉద్దేశంలో అసలు పని ఇదే. ముందుమాట, వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేయండి. మీ ప్రశ్నకు దగ్గరి అంశాన్ని ఎంచుకుని, రెండు పుస్తకాల్లోనూ ఆ అంశమున్న పేజీలు మాత్రమే ఒకే రోజు చదవండి.

అడ్తి అప్పు ప్రశ్ననే తీసుకుందాం. అభివృద్ధి అర్థశాస్త్రంలో మన విద్యార్థుల చేతుల్లో తరచూ కనబడేవి రెండు: టొడారో, స్మిత్‌ల 'ఎకనామిక్ డెవలప్‌మెంట్', దేబ్‌రాజ్ రే 1998లో రాసిన 'డెవలప్‌మెంట్ ఎకనామిక్స్'. మొదటిది విశాలమైనది. పేదరికం, జనాభా, చదువు, వాణిజ్యం అన్నీ వస్తాయి, అధ్యాయాల చివర దేశాల కేస్ స్టడీలు ఉంటాయి. నెట్ పరీక్షకో, రేపు తరగతిలో చెప్పడానికో అది చక్కగా పనికొస్తుంది. రే పుస్తకంలో భూమి, శ్రమ, అప్పు, బీమా వరుసగా నాలుగు అధ్యాయాలు. అప్పు అధ్యాయంలో వడ్డీ ఎందుకంత ఎక్కువ ఉంటుంది, అప్పు ఎగ్గొట్టే ప్రమాదం అప్పిచ్చేవాడి ప్రవర్తనను ఎలా మారుస్తుంది, అప్పును అమ్మకంతోనో కూలితోనో ఎందుకు ముడిపెడతారు అని మెట్టు మెట్టుగా చెప్తాడు.

ఇప్పుడు కాగితం మీది ప్రశ్నకు తిరిగి రండి. అడ్తిదారుకు రైతు పంట ఎంతో ముందే తెలుసు, బస్తాలు తన ముందే దిగుతాయి, అప్పు అక్కడికక్కడే కోసుకుంటాడు. బ్యాంకుకు ఈ వీలు లేదు. అందువల్ల బ్యాంకు ఇవ్వని రైతుకు అడ్తిదారు ఇవ్వగలడు. వడ్డీ తక్కువ చెప్పి ధరలో రాబట్టుకునే అవకాశమూ అతనికే ఉంది. ఈ తర్కం రే పుస్తకంతో మీ చేతికొస్తుంది. ఫీల్డుకు పోయినప్పుడు వడ్డీ రేటు ఒక్కటే అడిగితే చాలదని, అదే రోజు అదే రకం మిర్చికి అప్పు లేని రైతుకు ఎంత పలికిందో కూడా రాసుకోవాలని అప్పుడు తెలుస్తుంది. మీ ప్రశ్నావళిలో కొత్త ప్రశ్న పుట్టించిన పుస్తకాన్నే ఎంచుకోండి.

చెరువుల మీద పనిచేసేవాళ్లకు ఇంకో జత. ఎలినార్ ఆస్ట్రామ్ 1990లో రాసిన 'గవర్నింగ్ ది కామన్స్', రాబర్ట్ వేడ్ 1988లో రాసిన 'విలేజ్ రిపబ్లిక్స్'. ఆస్ట్రామ్‌కు 2009లో నోబెల్ వచ్చింది కాబట్టి అందరూ ఆ పుస్తకానికే పోతారు. స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ సాగునీటి సంఘాలు పరిశీలించి, తరతరాలు నిలిచిన ఉమ్మడి వ్యవస్థల్లో ఎనిమిది లక్షణాలు కనబడతాయని ఆమె చెప్పింది. హద్దులు స్పష్టంగా ఉండటం, వాడుకునేవాళ్లే నిబంధనలు మార్చుకోగలగడం, కాపలా, తప్పు స్థాయిని బట్టి శిక్ష లాంటివి.

వేడ్ పుస్తకం మన తెలుగు నేల మీదిదే. కర్నూలు ప్రాంతంలో కాలువ కింది ఊళ్లు తిరిగి రాశాడు. కాలువ చివర ఉండి నీళ్లకు కటకటలాడే ఊళ్లలోనే గ్రామ మండలి, ఉమ్మడి నిధి, పొలాలకు కాపలా, నీళ్లు పారించే మనుషులు అనే ఏర్పాట్లు ఎక్కువగా ఉన్నాయని చూపించాడు. నీళ్లు పుష్కలంగా అందే ఊళ్లకు ఆ అవసరం తక్కువ.

మీరు జనగామ వైపు ఒక గొలుసుకట్టు చెరువు మీద రాస్తున్నారనుకోండి. తూము ఎవరు తెరవాలి, నీళ్లు పారించే నీరటికి కూలి ఎవరు ఇవ్వాలి, చెరువు లోపలి శిఖం భూమిలో సాగు ఎవరిది, నిండి మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు పోతాయా అనే ప్రశ్నలు మీకుంటాయి. ఒక ఊరినీ పక్క ఊరినీ ఎలా పోల్చాలో వేడ్ దగ్గర నేర్చుకోవచ్చు. ఏ అంశాలు గమనించాలో ఆస్ట్రామ్ దగ్గర దొరుకుతుంది.

ఆస్ట్రామ్ పుస్తకం చివరి పదసూచికలో భూగర్భ జలం అని వెతికితే నాలుగో అధ్యాయానికి పోతారు. లాస్ ఏంజెలిస్ దగ్గరి భూగర్భ జలాలను తోడుకునేవాళ్లు కోర్టుల ద్వారా, ఒప్పందాల ద్వారా ఎలా హద్దులు పెట్టుకున్నారో అక్కడ ఉంది. మన చెరువు కింద సగం మంది రైతులకు బోర్లు ఉంటే, 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వస్తుంటే, వాళ్లకు తూము మీద ఆసక్తి ఎంత మిగులుతుంది? చెరువు నిండితే బోరులో నీళ్లు పెరుగుతాయి కదా, ఆ లాభానికి వాళ్లు ఏం ఇస్తారు? ఈ ప్రశ్న ఆ అధ్యాయం చదివితేనే పదునెక్కుతుంది. పదసూచికను విషయసూచిక కన్నా ముందు చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

5. లెక్కలు మీ స్థాయికి తగ్గట్టున్నాయా చూడండి

మధ్యలో ఒక అధ్యాయం తెరిచి నాలుగు పేజీలు పెన్నుతో చదవండి. ఒక సమీకరణం నుంచి తర్వాతి దానికి ఎలా వచ్చారో రెండుసార్లు వరుసగా అంతుబట్టకపోతే ఆ పుస్తకం ఇప్పుడు కొనొద్దు.

ఇక్కడ మోసపోయేది రచయిత పేరు దగ్గర. వూల్‌డ్రిడ్జ్ రాసిన 'ఇంట్రడక్టరీ ఎకనోమెట్రిక్స్' ఎంఏ విద్యార్థికి సరిపోతుంది. ఆయనే రాసిన క్రాస్ సెక్షన్, ప్యానెల్ డేటా పుస్తకం మాట్రిక్స్ ఆల్జీబ్రా బాగా వచ్చినవాళ్లకు. వేరియన్ విషయంలోనూ అంతే, ఇంటర్మీడియట్ పుస్తకం వేరు, 'మైక్రోఎకనామిక్ అనాలిసిస్' వేరు. రే పుస్తకంలోని గ్రామీణ మార్కెట్ల అంశాలను గణితంతో చదవాలనుకుంటే బర్ధన్, ఉద్రీల 'డెవలప్‌మెంట్ మైక్రోఎకనామిక్స్' ఉంది. అయితే రే తర్వాతే దాని జోలికి వెళ్లండి. రే పుస్తకం చివర గేమ్ థియరీ, గణాంకాల మీద రెండు అనుబంధాలు ఉన్నాయి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లు ఆ రెండింటితో మొదలుపెడితే తోవ సులువవుతుంది.

6. పుస్తకం ఏ ఊళ్లను, ఏ మనుషులను ఊహించుకుని రాశారు?

శ్రామిక అర్థశాస్త్రంలో బోర్జాస్ పాఠ్యపుస్తకం ప్రపంచమంతా వాడతారు. అందులో వలస అంటే ప్రధానంగా అమెరికాకు వచ్చి స్థిరపడేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల జీతం స్థానికుల జీతానికి దగ్గరవుతుందా అనేది అక్కడి పెద్ద ప్రశ్న. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషికి ఆ ప్రశ్నే వర్తించదు. అతను యజమాని పూచీ మీద వీసా వచ్చే కఫాలా పద్ధతిలో ఒక యజమాని కింద పోతాడు, పౌరసత్వం రాదు, కాంట్రాక్టు అయిపోతే తిరిగి వస్తాడు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు, ఇంటికి పంపే డబ్బు, తిరిగొచ్చాక బతుకుదెరువు, ఇవీ అతని లెక్కలు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో మొదలుపెట్టిన కేరళ వలస సర్వేల ఆధారంగా వచ్చిన పుస్తకాలు మనకు ఎంతో దగ్గర. బోర్జాస్‌లో కూలి మార్కెట్ పునాదులు నేర్చుకోండి, వలస అధ్యాయం కోసం కేరళ వైపు చూడండి.

వ్యవసాయ కుటుంబ నమూనాలు కూడా ఇంతే. సింగ్, స్క్వైర్, స్ట్రాస్ సంపాదకత్వంలో 1986లో వచ్చిన పుస్తకం రైతు కుటుంబాన్ని ఒకేసారి ఉత్పత్తిదారుగా, వినియోగదారుగా చూస్తుంది. పండించిందే తినే ఇంట్లో ధర పెరిగితే ఆదాయమూ పెరుగుతుంది, తిండి ఖర్చూ పెరుగుతుంది. వరికి ఇది అచ్చంగా సరిపోతుంది. పత్తిని ఎవరూ తినరు కాబట్టి ఆ నమూనాలో సగం తగ్గిపోతుంది. కానీ ఇంటి మనుషుల శ్రమ భాగం మిగిలే ఉంటుంది, పత్తి ఏరడానికి ఇంటి ఆడవాళ్లు పోవాలా, కూలీలను పెట్టాలా అన్న చోట. మీ పంట ఏదో చూసుకుని, పుస్తకంలో ఏ అధ్యాయం మీకు అక్కరకొస్తుందో తేల్చుకోండి.

మెట్ట సాగు మీద పనిచేసేవాళ్లు వాకర్, రయాన్ 1990లో తెచ్చిన పుస్తకాన్ని తప్పక చూడాలి. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలు దానికి ఆధారం. అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి అందులో ఒక ఊరు. అక్కడి నేల, వాన, అప్పు మన పరకాల, భూపాలపల్లి వైపు నేలలతో ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు అని మార్జిన్‌లో రాసుకుంటూ చదవండి.

7. అచ్చయిన ఏడాది ఎక్కడ ముఖ్యం, ఎక్కడ కాదు

సిద్ధాంతం త్వరగా పాతబడదు. వ్యవసాయ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారు కరీంనగర్ జిల్లాలో పుట్టినవారు. సాంకేతిక మార్పు వల్ల లాభం ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్న మీద 1975లో ఆయన రాసిన పుస్తకాన్ని, నేడు వరికోత యంత్రాల మీద రాసేవాళ్లు కూడా చదవాల్సిందే.

అనుభవ పరిశోధన పద్ధతుల్లో మాత్రం ఏడాది చాలా ముఖ్యం. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలై విడతలుగా సాగింది. ఒక చెరువు మొదటి విడతలో, పక్కది మూడో విడతలో. పంట పెట్టుబడికి డబ్బు ఇచ్చే రైతుబంధు 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలై రాష్ట్రమంతటా ఒకేసారి వచ్చింది, అదీ పట్టాదారుకే, కౌలురైతుకు రాలేదు. ఈ రెండు పథకాల ఫలితాన్ని ఒకే పద్ధతిలో కొలవలేం. పథకం అందరికీ ఒకేసారి వస్తే పోల్చుకోవడానికి అందని ఊరు ఉండదు, ఇంకో దారి వెతకాలి. విడతలుగా వస్తే, పథకం అందిన ఊళ్లలో వచ్చిన మార్పును అందని ఊళ్లలో వచ్చిన మార్పుతో పోల్చే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ పద్ధతి వాడతారు.

యాంగ్రిస్ట్, పిష్కేల 'మోస్ట్లీ హార్మ్‌లెస్ ఎకనోమెట్రిక్స్' 2009లో వచ్చింది, ఆ పద్ధతిని అద్భుతంగా చెప్తుంది. కానీ విడతలవారీ పథకాల్లో, ముందే మేలు పొందిన ఊళ్లను తర్వాత వచ్చిన ఊళ్లకు పోలికగా పెడితే ఫలితం తప్పుదారి పట్టొచ్చని ఆ తర్వాతి పదేళ్ల పరిశోధన తేల్చింది. ఆ చర్చ 2021లో వచ్చిన కన్నింగ్‌హామ్ 'కాజల్ ఇన్ఫరెన్స్: ది మిక్స్‌టేప్'లో ఉంది, అది ఆన్‌లైన్‌లో ఉచితం. మిషన్ కాకతీయ మీద పనిచేసేవాళ్లు 2009 పుస్తకం చదివి అక్కడే ఆగితే వైవాలో ఇబ్బంది పడతారు.

జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) లాంటి కుటుంబ సర్వేల డేటా వాడేవాళ్లకు ఆంగస్ డీటన్ 1997లో రాసిన 'ది అనాలిసిస్ ఆఫ్ హౌస్‌హోల్డ్ సర్వేస్' నేటికీ మొదటి పుస్తకమే. వరల్డ్ బ్యాంక్ దాన్ని ఉచితంగా అందిస్తోంది. శాంపిల్ ఎలా తీశారో దాన్నిబట్టి లెక్క ఎలా మారుతుందో అంత నెమ్మదిగా వివరించిన పుస్తకం ఇంకోటి నాకు కనబడలేదు.

8. సమీక్ష చదవండి

జర్నల్ ఆఫ్ ఎకనామిక్ లిటరేచర్, మన ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ), రెండింటిలోనూ పుస్తక సమీక్షలు వస్తాయి. సమీక్షకుడు ఒప్పుకోని చోటు ఏదో చూడండి. ఆ చోటు మీ ప్రశ్నకు సంబంధించినదైతే ఆ పుస్తకం తప్పక చదవాలి, జాగ్రత్తగా.

9. దొరికే దారి, కొనే దారి

ముందు మీ యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఆ తర్వాత నేషనల్ డిజిటల్ లైబ్రరీ. హైదరాబాద్ బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) లైబ్రరీలో తెలంగాణ పల్లెల మీద చేసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి పని ముగించుకుని రావచ్చు. డిపార్ట్‌మెంట్ నుంచి పరిచయ లేఖ పట్టుకుపోండి, కావాల్సిన పుస్తకాల పేర్లు ముందే రాసుకుపోండి. నిజాం కాలం నాటి తెలుగు పుస్తకాలు, పత్రికలు కావాలనుకునేవాళ్లు హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయంలో కూడా అడగండి.

పాఠ్యపుస్తకమైతే ఒక ఎడిషన్ పాతది కొన్నా నష్టం లేదు, హైదరాబాద్ కోఠిలో సగం ధరకు దొరకొచ్చు. ఎకనోమెట్రిక్స్‌లో మాత్రం అభ్యాసాలకు కావాల్సిన డేటా ఫైళ్లు ఆ ఎడిషన్‌కు ఇంకా దొరుకుతున్నాయేమో చూసుకున్నాకే డబ్బు కట్టండి. భారతీయ ఎడిషన్ కొనేటప్పుడు అసలు ఎడిషన్ విషయసూచికతో పోల్చండి, కొన్నిటిలో అధ్యాయాల వరుస, అభ్యాసాలు మారతాయి. మోనోగ్రాఫ్‌లకు పేపర్‌బ్యాక్ వచ్చిందేమో చూడండి, రాకపోతే కొనుగోలు సిఫారసు ఫారం నింపి లైబ్రరీకి ఇవ్వండి. ఫారంలో పుస్తకం పేరు, ఐఎస్‌బీఎన్‌తో పాటు మీ గైడ్ సంతకం, ఆ పుస్తకం ఇంకెంతమంది స్కాలర్లకు పనికొస్తుందో రెండు లైన్లు ఉండాలి.